ఎడమ పక్క ఎవరు?

మార్చి 5, మంగళవారం

ఇవాళ కౌంటర్ దగ్గర ఇద్దరు పెద్దమనుషులు గొంతులు చించుకున్నారు. ఒకాయన మందుల షాపు ఆయన, రెండో ఆయన లెక్కల మాస్టారు. ఇద్దరూ పదేళ్ళుగా మా లాండ్రీకి బట్టలు వేసేవాళ్ళే. గొడవ ఇస్త్రీ గురించి కాదు. మా ఊరి ఫుట్‌బాల్ టీములో మూడో నంబరు చోట్లోకి ఎవరొచ్చారు అని. మందుల షాపు ఆయన, అందరూ హీరో అని పిలిచే ఆ కొత్త కుర్రవాడు అంటాడు. మాస్టారు కాదు, నిచ్చెన అని పేరు పడ్డ ఆ పొడుగువాడు అంటాడు. ఎవరు ఎన్ని నిమిషాలు ఆడారు, ఎవరి పాస్ మీద గోల్ పడింది, అన్నీ వేళ్ళ మీద లెక్క చెప్పుకున్నారు.

ఆ మూడో నంబరు నా తమ్ముడు. వాళ్ళ బట్టలు మడతపెడుతున్నది వాడి అక్క అని ఇద్దరికీ తెలుసు. అదే నా మంట. తెలియక అంటే సరేలే అనుకునేదాన్ని. మాస్టారు మధ్యలో నా వైపు తిరిగి, నువ్వు చెప్పమ్మా, మీ తమ్ముడి లోటు తీర్చింది ఎవరు అని అడిగాడు. పైగా నవ్వుతూ!

మీ ప్యాంటు ఇస్త్రీ ఇంకా అవలేదు, గురువారం రండి అన్నాను. ఆ ప్యాంటు ఇస్త్రీ అయ్యి ఆయన ముక్కు ముందే హ్యాంగర్‌కి వేలాడుతోంది. ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు, వెళ్ళిపోయాడు.

వాడు పోయి ఇవాళ్టికి ఇరవై ఆరు రోజులు. జ్వరం వచ్చింది, మూడు రోజులుంది, పోయాడు. ఇరవై తొమ్మిదేళ్ళు. ఫుట్‌బాల్ ఆడేవాడు జ్వరంతో పోవడమేంటి అని ఇప్పటికీ అడుగుతారు. నన్నడిగితే నేనెవర్ని అడగాలి?

మార్చి 7, గురువారం

మాస్టారు ప్యాంటు కోసం భార్యను పంపాడు. పిరికివాడు.

మార్చి 11, సోమవారం, మధ్యాహ్నం 2.00

సోమవారం అంటే క్లబ్బు మూట వచ్చే రోజు. నాన్న ఉన్నప్పటి నుంచీ ఆ టీము బట్టలు మేమే ఉతుకుతున్నాం. ఎవరి షర్ట్ ఎవరిదో చూడ్డానికి నాకు నంబరు అక్కర్లేదు, మురికి చాలు. గోల్ కీపర్‌వి మోచేతులు నల్లగా ఉంటాయి. మధ్యలో ఆడేవాళ్ళకు పొట్ట మీద, మోకాళ్ళ మీద గడ్డి మరకలు. మా వాడిది లెఫ్ట్ బ్యాక్. గ్రౌండ్‌లో ఎడమ పక్క గీత పట్టుకుని పైకీ కిందికీ పరిగెత్తడమే వాడి పని, ఆ గీత దగ్గరే జారి పడతాడు. అందుకని వాడి షర్ట్‌కి ఎడమ భుజం మీద, ఎడమ నడుం మీద ఆ గీత గీసిన సున్నం. ప్రతి సోమవారం. దాన్ని తడపకుండా ముందు పొడి బ్రష్‌తో దులపాలి, లేకపోతే గుడ్డకు పట్టేస్తుంది. తొమ్మిదేళ్ళు దులిపాను. దులుపుతూ తిట్టాను కూడా, ఆ గీత అవతల పడి చావచ్చు కదరా అని. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తోంది.

వాడు పోయాక క్లబ్బు మూట మా ఆయనే చూసుకున్నారు, ఇవాళే మళ్ళీ నేను విప్పి షర్ట్‌లు విడదీస్తున్నాను. చేతికి సున్నం తగిలింది. ఎడమ భుజం, ఎడమ నడుం. నా ఒళ్ళు చల్లబడిపోయింది. తర్వాత ఒళ్ళు మండిపోయింది. నేను ఉతకకుండా బీరువాలో దాచుకున్న తమ్ముడి ఆఖరి షర్ట్ మా ఆయన తీసి ఈ మూటలో కలిపేశారు అనుకున్నాను. ఆయన అంతే. ఏదైనా కళ్ళ ముందు లేకుండా చేస్తే బాధ తగ్గుతుందనుకునే మనిషి. మెషీన్ దగ్గరికి వెళ్ళి నోటికొచ్చినవన్నీ అన్నాను. ఆయన సబ్బు చేతులతో అలాగే నిలబడి, నేను బీరువా ముట్టుకుంటే ఒట్టు, ముందు నంబరు చూడవే అన్నారు.

చూశాను. ఎనిమిది.

అది మామయ్య షర్ట్.

మార్చి 12, మంగళవారం

మామయ్య అంటే మాకేం కాడు. టీములో పెద్దవాడు, ముప్పై నాలుగేళ్ళు, అందరి బూట్ల లేసుల దగ్గర్నుంచి పెళ్ళిచూపుల దాకా పట్టించుకుంటాడని టీమంతా అలా పిలుస్తుంది. నాకంటే నాలుగేళ్ళు చిన్న, అయినా నేనూ మామయ్యే అంటాను. అతను నన్ను అక్కా అంటాడు. తమ్ముడు ఎడమ పక్క, మామయ్య మధ్యలో. మధ్యలో ఆడేవాడికి గీత సున్నంతో ఏం పని? తొమ్మిదేళ్ళలో అతని షర్ట్ మీద నేనెప్పుడూ చూడలేదు.

హీరో షర్ట్ వెతికాను. మరకలన్నీ ముందు పక్క. అవతలి గోల్ దగ్గర పడిన మరకలు అవి. నిచ్చెనది ఇంచుమించు శుభ్రంగా ఉంది. ఆ పొడుగుకి నేల దాకా వంగడమే గొప్ప.

మార్చి 17, ఆదివారం, సాయంత్రం 6.30

వెళ్ళకూడదనుకున్నాను. వెళ్ళాను. అమ్మకు చెప్పలేదు. అమ్మ ఇంట్లో రేడియో చెవికి ఆనించుకుని కూర్చుంటుంది ప్రతి ఆదివారం, వాడున్నప్పుడు ఎలా కూర్చునేదో అలాగే. ఇప్పటిదాకా నా ముందు ఏడవలేదు. ఎవరి ముందూ ఏడవలేదు. మ్యాచ్ అయ్యాక రేడియో కట్టేసి, ఎడమ పక్క ఏం ఫరవాలేదు, గోల్ రాలేదు అంటుంది. అంతే.

ఎడమ పక్క స్టాండ్‌లో, పై వరసలో కూర్చున్నాను. నా ముందు ఒక గుంపు హీరో అని, పక్కన ఒక గుంపు నిచ్చెన అని. ఇవాళ ఆడింది హీరో. కుర్రవాడికి కాళ్ళున్నాయి, కాదనను. బంతి దొరికితే చాలు ముందుకు పారిపోతాడు, మా వాడిలాగే. ఒకటే తేడా. మా వాడు వెనక్కి కూడా వచ్చేవాడు.

నేను బంతిని చూడలేదు. మామయ్యను చూశాను. హీరో ముందుకు వెళ్ళిన ప్రతిసారీ అతను మధ్యలోంచి ఎడమ గీత దగ్గరికి పరుగు. ప్రతిసారీ. ఎవరూ పిలవకుండా, ఎవరూ చెప్పకుండా. అవతలి టీము వింగర్ ఆ గీత వెంటే బంతితో వస్తాడు, మామయ్య అడ్డంగా జారి బంతి బయటికి తన్నేస్తాడు, లేస్తాడు, రొప్పుకుంటూ మళ్ళీ మధ్యలోకి. పదిహేడు సార్లు. నేను లెక్కపెట్టాను. స్టాండ్‌లో ఒక్కడు కూడా చప్పట్లు కొట్టలేదు. పైగా నా ముందువాడు, ఈ ముసలోడికి తన చోటేదో తెలియడం లేదు, ఇంటికి పంపండ్రా అని అరిచాడు.

వాడి నెత్తిన నా గొడుగుతో ఒక్కటి వేద్దామనుకున్నాను. వెయ్యలేదు. ఇప్పుడు విచారిస్తున్నాను.

మార్చి 22, శుక్రవారం

క్లబ్బు వాళ్ళు పోల్ పెట్టారు. పోల్! ఫోన్‌లో. పైన మా తమ్ముడి ఫోటో, నలుపు తెలుపు, చుట్టూ మెరుపులు. కింద పెద్ద అక్షరాలతో ‘వారసుడు ఎవరు?’ అని. దాని కింద రెండు ఫోటోలు, హీరో ఒకటి, నిచ్చెన ఒకటి. బొటనవేలితో నొక్కితే చాలు. గెలిచినవాడికి మూడో నంబరు ఇస్తారట.

వాడు బతికుండగా ఏదైనా అడిగారా వీళ్ళు? మోకాలు వాచినప్పుడు అడిగారా? ఇప్పుడు వాడి మీద ఓట్లు.

కింద కామెంట్లు చదవకూడదు, చదివాను. నాలుగు వందల ముప్పై. ఒకడు, నిజం చెప్పాలంటే హీరో వచ్చాక మన ఎటాక్ మెరుగైంది, ఆ రకంగా మంచే జరిగింది అని రాశాడు. మంచే జరిగిందట. దానికి రెండు వందల మంది లైకు.

మార్చి 23, శనివారం

మా ఆయన ఓటేశారు.

దాచలేదు కూడా. అన్నం తింటూ, నిచ్చెనకు వేశానులే, డిఫెన్స్ అంటే పొడుగు ఉండాలి అన్నారు, ఇంట్లో బల్బు మార్చే సంగతి చెప్పినట్టు. మీ బామ్మర్ది చోటుకి మీరు ఓటు వేశారా అన్నాను. ఆయన ముద్ద మింగకుండా నన్ను చూశారు. ఓటు వెయ్యకపోతే హీరో గెలుస్తాడు కదే అన్నారు. ఇరవై ఏళ్ళ కాపురంలో ఈ మనిషిని ఏం చెయ్యాలో నాకు ఇంకా తెలియదు. కంచం తీసేశాను. అందులో సగం అన్నం ఉంది. అయినా తీసేశాను.

ఏప్రిల్ 1, సోమవారం

సున్నం. ఎడమ భుజం, ఎడమ నడుం. మోచెయ్యి దగ్గర ఈసారి రక్తం కూడా.

ఏప్రిల్ 9, మంగళవారం

క్లబ్బు మేనేజర్ ఫోన్ చేశాడు. గొంతులో తేనె. పోల్‌లో హీరో గెలిచాడట. ఇరవై ఒకటో తేదీ మ్యాచ్‌కి ముందు గ్రౌండ్ మధ్యలో చిన్న కార్యక్రమం, నేను మూడో నంబరు షర్ట్ నా చేత్తో హీరోకి ఇవ్వాలట. అభిమానులు కంటతడి పెట్టుకుంటారు మేడం అన్నాడు. వాళ్ళ కంటతడి కోసం నన్ను పిలుస్తున్నాడు.

నేను సరే అనలేదు, కాదనలేదు. మీ టీములో మామయ్య షర్ట్‌లు చూస్తున్నారా అసలు అన్నాను. ఏమనుకున్నాడో ఏమో, దాని గురించి మీరు బెంగపడకండి మేడం, అతన్ని ఈ సీజన్ తర్వాత తీసేస్తున్నాం, ఒక షర్ట్ తగ్గుతుంది మీకు అన్నాడు.

ఒక షర్ట్ తగ్గుతుంది.

ఏప్రిల్ 10, బుధవారం, మధ్యాహ్నం

షాపు మా ఆయనకు వదిలేసి క్లబ్బుకు వెళ్ళాను. వెళ్ళకపోతే నిద్ర పట్టేలా లేదు.

మేనేజర్ గదిలో ఏసీ, గోడ నిండా కప్పులు. నేను మామయ్యను ఎందుకు తీసేస్తున్నారని అడిగాను. నాకెందుకు అని ముఖం మీద అనలేక, ల్యాప్‌టాప్‌ను పిలిచాడు. ల్యాప్‌టాప్ అంటే మనిషే. మ్యాచ్‌లన్నీ వీడియోలో చూసి ఎవరు ఎక్కడ పరిగెత్తారో చుక్కలు పెట్టే ఉద్యోగం. ఆ పెట్టె చంకలో లేకుండా ఎవరూ చూడలేదట అతన్ని. స్క్రీన్ మీద పచ్చటి గ్రౌండ్ చూపించాడు. ఎనిమిదో నంబరు చుక్కలు సగం మధ్యలో, సగం ఎడమ గీత పొడుగునా చీమల బారులా ఉన్నాయి. ఫిబ్రవరి నుంచి ఇతను పొజిషన్ వదిలేస్తున్నాడు మేడం, మధ్యలో ఖాళీ వస్తోంది, వయసైంది, డిసిప్లిన్ పోయింది అన్నాడు.

ఫిబ్రవరి నుంచి ఎందుకో ఆలోచించావా బాబూ అన్నాను. అతను నిజంగా ఆలోచించాడు, పాపం. డేటాలో ఎందుకు అనేది ఉండదు మేడం అన్నాడు.

నేను చెప్పాను. పదిహేడు సార్లు లెక్కపెట్టిన సంగతి, సున్నం సంగతి, అన్నీ. మీ హీరో ముందుకు పారిపోతే, మీ నిచ్చెన వంగలేకపోతే, వెనక ఆ ఖాళీని కాసేది ఎవరనుకుంటున్నారు, దెయ్యమా అన్నాను. మేనేజర్ నీళ్ళ గ్లాసు నా ముందుకు జరిపాడు. అంత ప్రేమగా జరిపాడంటే మాట వినలేదన్నమాట. మీ బాధ అర్థమవుతోంది మేడం, ఫుట్‌బాల్ మాత్రం మాకు వదిలెయ్యండి అన్నాడు.

బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. బాధతో కాదు. చేతకానితనంతో.

ఏప్రిల్ 13, శనివారం, ఉదయం 11.00

మామయ్య ఇంటికి వెళ్ళాను. మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. అతను వంటింట్లో సింకు కింద పడుకుని పైపు బిగిస్తున్నాడు. ఇద్దరు ఆడపిల్లలు హాల్లో హోంవర్క్ చేసుకుంటున్నారు. భార్య పనికి వెళ్ళింది. ఉద్యోగం పోతున్న సంగతి ఆమెకింకా చెప్పలేదట. స్కూలు సెలవులు రానీ, చెబుతాను అన్నాడు సింకు కిందనుంచే.

నేను వచ్చిన పని చెప్పాను. మిగిలినవి నాలుగు మ్యాచ్‌లు, బుద్ధిగా నీ చోట్లో నువ్వుండు, ఆ చుక్కలు మధ్యలోనే పడనీ, ఆ ఎడమ పక్క ఎలా పోతే నీకెందుకు అన్నాను. మా తమ్ముడి చోటు కోసం నీ పిల్లల నోటి దగ్గర కూడు తియ్యకు అని కూడా అన్నాను. కటువుగానే అన్నాను. అతను అప్పుడు లేచి కూర్చున్నాడు. మోచేతికి కట్టు ఉంది.

వాడి చోట్లోకి నేను రాలేదక్కా అన్నాడు. వాడు ముందుకు వెళ్ళేటప్పుడల్లా, చూస్తుండు మామయ్యా అని అరిచి వెళ్ళేవాడు. వాడు వచ్చేదాకా నేను ఎడమ పక్కకు జరిగి నిలబడేవాణ్ణి. వచ్చాక నా చోటుకి నేను. తొమ్మిదేళ్ళు అదే. షర్ట్‌కి సున్నం ఎందుకు అంటలేదంటే వాడు తొందరగా వచ్చేసేవాడు, నేను పడాల్సిన పనుండేది కాదు. ఇప్పుడూ అదే చేస్తున్నాను. ఈసారి ఇంకా రాలేదు, అంతే.

పెద్ద పిల్ల పెన్సిల్ ఆపి మమ్మల్ని చూస్తోంది.

ఈ మాట ఎవరికీ చెప్పొద్దు అన్నాడు. చెబితే నన్ను కూడా ఆ పోల్‌లో పెడతారు, నేను తట్టుకోలేను అన్నాడు. సరే అన్నాను. గుమ్మం దాకా వచ్చి, అక్కా, ఒట్టు వెయ్యి అన్నాడు. నేను మెట్లు దిగిపోయాను. ఒట్టు వెయ్యలేదు. అది నాకు గుర్తుంది, అతనికీ గుర్తుంటుంది.

ఏప్రిల్ 18, గురువారం

చెప్పను. అతని ఇష్టం.

ఏప్రిల్ 19, శుక్రవారం

చెప్పకపోతే అతని ఉద్యోగం పోతుంది. చప్పుడు లేకుండా, పూలదండ కూడా లేకుండా పోతుంది. పోయాక ఆ మందుల షాపు ఆయన, ముసలోడు పోవడమే మంచిదైంది అంటాడు నా కౌంటర్ దగ్గర నిలబడి. అప్పుడు నేను ఆయన చొక్కాలు మడతపెట్టి ఇవ్వాలి.

ఏప్రిల్ 21, ఆదివారం, మధ్యాహ్నం 1.15

హీరోని మొదటిసారి దగ్గర్నుంచి చూశాను, బట్టలు మార్చుకునే గదుల బయట. ఇరవై రెండేళ్ళుంటాయి. వాణ్ణి అసహ్యించుకుందామని పొద్దున్నుంచీ తయారై వచ్చాను. వాడు నా దగ్గరికి వచ్చి, ఆంటీ, మీకు ఇష్టం లేకపోతే నేను వేసుకోను, నాకు ఇరవై ఏడో నంబరు బాగానే ఉంది అన్నాడు. కనీసం వీడైనా చెడ్డవాడై ఉండకూడదా? నా కోపం ఎక్కడ పెట్టుకోను?

ఏప్రిల్ 21, సాయంత్రం 5.50

షర్ట్ ఇచ్చాను. వాడు వంగి నా కాళ్ళ దగ్గర దాకా వెళ్ళబోతే భుజం పట్టి ఆపాను. జనం లేచి నిలబడ్డారు. మేనేజర్ మైకు నా చేతికిచ్చి, రెండు ముక్కలు మేడం అన్నాడు.

నేను ఇరవై ముక్కలు చెప్పాను. వరసగా గుర్తులేదు. రెండు నెలలుగా మా తమ్ముడి చోట్లో ఎవరు అని మీరు కొట్టుకుంటున్నారు, టీ కొట్లో, బస్సులో, చివరికి నా షాపులో, నా ముందు, సిగ్గు లేకుండా అన్నాను. మీకు కళ్ళున్నాయా అన్నాను. ఈ అబ్బాయి ముందుకు వెళ్ళినప్పుడు ఎడమ పక్క చూశారా ఒక్కసారైనా అన్నాను. ఆ మురికి ఉతికేదాన్ని నేను, మీ ఓట్లు నాకొద్దు, ఎనిమిదో నంబరు షర్ట్ చూడండి అన్నాను. ఆ ముసలోణ్ణి ఇంటికి పంపమని అరిచింది మీరే, అతను మీ గోల్ కాస్తున్నందుకే అతన్ని తీసేస్తున్నారు అన్నాను. మేనేజర్ మైకు వైరు లాగుతున్నాడు. వైరు పొడుగ్గా ఉంది.

అరుపు మొదలైంది. ఎడమ స్టాండ్ నుంచి మొదలై చుట్టూ తిరిగింది. మామయ్యా, మామయ్యా అని.

గెలిచానని అనుకున్నాను. ఒట్టు, అప్పుడు అలాగే అనుకున్నాను. మామయ్య వైపు తిరిగాను. అతను బెంచీ దగ్గర తల దించుకుని, బూటు లేసు కట్టుకుంటున్నాడు. అది కట్టే ఉంది.

ఏప్రిల్ 23, మంగళవారం

మందుల షాపు ఆయన వచ్చాడు. నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నానమ్మా, అసలు వారసుడు మామయ్యే అని అన్నాడు. నాతో! మాస్టారు కూడా వచ్చాడు, స్వయంగా, బట్టలు లేకుండా, చర్చకి. ఇప్పుడు హీరో వాళ్ళొక పక్క, నిచ్చెన వాళ్ళొక పక్క, మామయ్య వాళ్ళు వీధి నిండా. ఇంతకు ముందు ఇద్దరి మధ్య గొడవ. ఇప్పుడు ముగ్గురి మధ్య. అంతా నా పుణ్యమే.

పోల్ మళ్ళీ పెట్టారు. మూడు ఫోటోలు.

ఏప్రిల్ 26, శుక్రవారం

మామయ్యకు డెబ్బై ఎనిమిది శాతం. క్లబ్బు ఇంకో ఏడాదికి కాంట్రాక్టు ఇచ్చింది. మేనేజర్ నాకు ఫోన్ చేసి మరీ చెప్పాడు, ఆ ఆలోచన తనకే వచ్చినట్టు. వచ్చే సీజన్‌కి హీరోని అడిగి మూడో నంబరు మామయ్యకే ఇప్పిస్తాం మేడం, మీరే ఇవ్వాలి మళ్ళీ అన్నాడు. ఫోన్ పెట్టేశాను.

ఏప్రిల్ 27, శనివారం, మధ్యాహ్నం 3.00

అతనే షాపుకు వచ్చాడు. కౌంటర్ అవతల, బట్టలు వేసేవాళ్ళ మధ్య, వరసలో నిలబడి, తన వంతు వచ్చాక మాట్లాడాడు. అంత మర్యాద నేను తట్టుకోలేకపోయాను.

కాంట్రాక్టు మీద సంతకం పెట్టానక్కా, పిల్లలున్నారు, పెట్టక తప్పదు అన్నాడు. థాంక్స్ అన్నాడు. నిజంగానే అన్నాడు, ఎత్తిపొడుపుగా కాదు. తర్వాత చెప్పాడు. నిన్న ప్రాక్టీసులో ఎడమ పక్కకు జరిగితే బయట నిలబడ్డవాళ్ళు చప్పట్లు కొట్టారట. అతని కాళ్ళు అక్కడే ఆగిపోయాయట. మొన్నటిదాకా అది వాడి చోటు, నేను కాపలా, ఇప్పుడు అక్కడ అడుగు పెడితే వాడి చోటు తీసుకున్నవాణ్ణి అవుతాను అన్నాడు. ఊరంతా అదే అంటోంది, వాడి పక్కన నా ఫోటో వేసి. ఇక నేను అటు వెళ్ళలేనక్కా. నీ మీద కోపం లేదు.

కోపం లేదట. తిట్టి ఉంటే బాగుండేది. తిడితే నేనూ తిట్టేదాన్ని, నాకు తెలిసిన పని అదే.

అతను వెళ్ళాక మా ఆయన నా పక్కన వచ్చి నిలబడ్డారు. ఆయన ఓటేశారని కంచం తీసేసిన మనిషిని నేను. మరి నేను చేసిందేంటి? నేనూ ఓటేశాను. అందరికంటే గట్టిగా, మైకులో.

మే 6, సోమవారం

నిన్న వేరే ఊళ్ళో మ్యాచ్. వాన పడి ఆగిపోయింది. మూటలో అన్నీ తడి బట్టలే, ఏ మరకా తెలియడం లేదు.

ఆఖరి మ్యాచ్‌కి తననీ తీసుకెళ్ళమంది అమ్మ. రేడియో చాలు కదా అన్నాను. రేడియోలో వాళ్ళు పేర్లే చెబుతారు, ఎవరు ఎక్కడున్నారో చెప్పరు అంది.

మే 12, ఆదివారం, సాయంత్రం 6.20

ఒకటి సున్నాతో ఓడిపోయాం. డెబ్బై ఒకటో నిమిషంలో హీరో ముందుకు వెళ్ళాడు. మామయ్య ఎడమ పక్కకు రెండడుగులు వేసి ఆగిపోయాడు. వాళ్ళ వింగర్ గీత పట్టుకుని ఒక్కడే వచ్చాడు, అడ్డం ఎవరూ లేరు. గోల్ పడ్డాక కూడా ఎవరూ అరవలేదు, ఎవరినీ తిట్టలేదు. స్టేడియం మొత్తం ఆ ఖాళీ గడ్డి వైపు చూస్తూ కూర్చుంది.

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. వాడు లేడా అని అడిగింది.

లేడమ్మా అన్నాను.